పూర్వపక్షం

నేను ప్రూఫులు దిద్దే ప్రెస్సు మూతపడిన ఏడాది వేసవి అది. రెండు జతల బట్టలూ ఒక ఎర్ర పెన్నూ సంచిలో వేసుకుని మామయ్య ఇంటికి వెళ్ళాను. పది రోజులుండి, ఏదో ఒక పని చూసుకుని వెళ్ళిపోతానని చెప్పాను. వానలు పడేదాకా కదల్లేదు. ఇన్నేళ్ళయినా, కొత్త గుడ్డ మడత విప్పినప్పుడు వచ్చే గంజి వాసన ఎక్కడ తగిలినా నాకు ఆ ఇంటి ముందుగదే గుర్తొస్తుంది.

ముందుగది అత్తయ్యది. బడిపిల్లల యూనిఫాంలు కుట్టించేది. నాలుగు మిషన్లు, నడుము ఎత్తున్న కత్తిరింపుల బల్ల, మేకులకు వేలాడే అట్ట నమూనాలు, నేలమీద ఎప్పుడూ నీలం గుడ్డ ముక్కలు. బడులు తెరిచేలోపు ఎనిమిది వందల జతలు వెళ్ళిపోవాలి కాబట్టి వేసవి వస్తే ఆ గదికి ఊపిరాడేది కాదు. మూడు మిషన్ల మీద ముగ్గురు ఆడవాళ్ళు, నాలుగోదాని మీద అత్తయ్య. కిటికీ పక్కన పీట మీద కూర్చుని కాజాలు మాత్రమే కుట్టే పెద్దావిడ ఒకరు. ఆవిణ్ణి అందరూ కాజాలక్క అనేవాళ్ళు.

వెనకగది మామయ్యది. ముప్ఫై ఏళ్ళు కాలేజీలో ఆర్థికశాస్త్రం చెప్పి అంతకుముందు ఏడాదే రిటైరయ్యాడు. పడక్కుర్చీ, బీరువా, బీరువాలో అట్టలు వేసిన మూడు నోట్సు పుస్తకాలు. ఆయన ఆ నోట్సు తెరిచి చెప్పడం మొదలుపెడితే క్లాసులో దగ్గాలన్నా పిల్లలు భయపడేవాళ్ళట. ముందుగదిలో జరిగేది వెనకగదికి పట్టేది కాదు. వెనకగదిలో జరిగేది తెలుసుకునే తీరిక ముందుగదికి లేదు. వాళ్ళిద్దరి మధ్య పేచీ అన్నది నేనెన్నడూ వినలేదు. "ఆ ఇంట్లో గొంతు లేవదు, పెట్టిపుట్టారు" అని మా అమ్మ నలుగురిలో చెప్పుకునేది.

నేను వెళ్ళిన నాలుగో రోజున మామయ్యకు ఒక ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఆయనతోపాటు నేనూ వెళ్ళాను. అక్కడి మేడం విషయం చెప్పింది. ఒక పాత ఆర్థికశాస్త్ర గ్రంథాన్ని కంప్యూటరు చేత చదివించి, అందులో ఉన్న భావనలన్నీ ఏరించారట. ఒక్కో భావన ఒక్కో కార్డు మీద అచ్చయింది. మొత్తం ఆరు వందల చిల్లర. వాటిలో గింజెంతో పొల్లెంతో మనుషులు తేల్చాలి. పుస్తకంలో ఆ మాట నిజంగా ఉందా, ఒక్కటే భావమా లేక రెండుమూడు అతుక్కుపోయాయా, కొత్తవాడికి అర్థమవుతుందా అని చూసి సున్నా నుంచి ఐదు దాకా మార్కులు వెయ్యాలి. ఇద్దరు వేరువేరుగా వెయ్యాలి, ఒకరిది ఒకరు చూడకూడదు. ప్రతి శుక్రవారం కూర్చుని, బాగా తేడా వచ్చినవి మాట్లాడుకుని తేల్చుకోవాలి. ఎంతకీ తేలకపోతే పెద్దవారి మార్కే నిలుస్తుంది.

"రెండో మనిషి శాస్త్రం తెలియనివాళ్ళయితే మంచిది సార్. కానీ చదవడం వచ్చుండాలి" అంది మేడం.

"ఇదిగో, మా మేనకోడలు" అన్నాడు మామయ్య నన్ను చూపిస్తూ. "దీనికి శాస్త్రం బొత్తిగా తెలియదు. ఆ విషయంలో నేను హామీ."

ఆ మాట ఆయన ఎంత గర్వంగా అన్నాడంటే, నాకు సంతోషించాలో వద్దో తోచలేదు.

"పుస్తకం మీ దగ్గర ఉంటుంది కదా సార్" అని మేడం అడిగితే, "నా బుర్రలో ఉందమ్మా" అన్నాడు. నా బుర్రలో లేదు కదా. ఇంటికొచ్చాక బీరువా అంతా వెతికాను. నోట్సులే ఉన్నాయి. ఏం వెతుకుతున్నావని అత్తయ్య అడిగింది. చెప్పాను. ఆమె కత్తిరింపుల బల్ల కిందకి వంగి, అట్ట నమూనాలు ఎగరకుండా బరువుగా పెట్టిన లావుపాటి పుస్తకాన్ని బయటికి లాగింది. ఊడిన వెన్నుకు యూనిఫాం గుడ్డ ముక్క అంటించి ఉంది.

"మెల్లిగా తిప్పు. కాగితాలు పెళుసు" అని ఇచ్చి మళ్ళీ మిషను ఎక్కింది. మామయ్య పుస్తకమే ఇలా నమూనాల కింద పడి ఉందనుకున్నాను.

ఆ మొదటి రెండు వారాలూ నవ్వినంతగా నేను జీవితంలో ఎన్నడూ నవ్వలేదు. కంప్యూటరు ఏరిన వాటిల్లో కొన్ని ఇలా ఉండేవి: "తాడు పేనేవాడు వెనక్కి నడుస్తాడు." మామయ్య దానికి సున్నా వేశాడు. నేను మూడు వేశాను.

"మూడెందుకే?" అన్నాడు శుక్రవారంనాడు.

"నిజమే కదా మామయ్యా. పుస్తకంలో ఉంది. అర్థమవుతోంది కూడా."

"నిజమైనదల్లా భావన అయిపోతుందా? సూర్యుడు తూర్పున పొడుస్తాడు. రాసుకో మరి, అదీ ఆర్థికశాస్త్రమే."

ఒక కార్డు మీద ‘మూడో అధ్యాయం’ అని మాత్రమే ఉంది. ఇంకోదానిలో ధర, విలువ, కొరత, కోరిక అన్నీ ఒకే వాక్యంలో కుక్కేసి ఉన్నాయి. "ఊరికి పోయేవాడి పెట్టెలా ఉంది, మూత పడదు" అన్నాడు. అయితే నడుమనడుమ ఒక్కో కార్డు ముత్యంలా తగిలేది. "దారి ఎంతదూరం పోతే బేరం అంతదూరం పోతుంది" అన్న కార్డుకి మేమిద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం ఐదు వేశాం. అది తెలిసి మామయ్య ఆ పూటంతా ఈల వేస్తూ తిరిగాడు. నా ఎర్ర పెన్ను చూసి, "ప్రూఫులు దిద్దేవాళ్ళకు అక్షరమే కనిపిస్తుంది అనుకున్నాను. నీకు మాట కూడా కనిపిస్తోందే" అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకున్నది అదే మొదలు.

రెండో వారం చివర్లో బిస్కట్ల ఫ్యాక్టరీ మేనేజరు వచ్చాడు. మామయ్య దగ్గర చదువుకున్నవాడు. ఏటా వేసవిలో ఒక బుట్ట పళ్ళు పట్టుకొచ్చి, కాళ్ళ దగ్గర కూర్చున్నంత వినయంగా కాసేపు కూర్చుని వెళ్ళేవాడట. ఈసారి పని మీద కూడా వచ్చాడు. ఫ్యాక్టరీలో పనివాళ్ళకు మూడు వందల ఏప్రన్లు కావాలి.

అత్తయ్య రేటు చెప్పింది. అతను నవ్వాడు.

"అమ్మగారూ, మీరు మీ కుట్టేవాళ్ళకు బయటికంటే పావు వంతు ఎక్కువిస్తారట కదా. ఊరంతా అంటున్నారు. అందుకే మీ రేటు ఇలా ఉంది."

"ఇస్తాను" అంది అత్తయ్య.

"సారు ఇంట్లో ఉండి కూడానా?" అని మామయ్య వైపు తిరిగాడు. "సార్, మీరు క్లాసులో చెప్పిన ఆ ఒక్క ముక్కే నాకు ఇరవై ఏళ్ళుగా అన్నం పెడుతోంది. కూలి పెరిగినకొద్దీ పనివాడు బద్ధకానికి అలవాటు పడతాడు, కూలి తక్కువగా ఉండడమే అందరికీ మేలు. మా యజమాని ఎప్పుడు మెత్తబడి కూలి పెంచుదామన్నా ఈ ముక్క చెప్పే ఆపుతాను. అంత పెద్ద గ్రంథంలో ఉన్నదాన్ని ఎవరు కాదనగలరు?"

మామయ్య మొహం వెలిగిపోయింది. గురువుకు అంతకంటే ఏం కావాలి. మిషన్లు ఆగాయి. ముగ్గురు ఆడవాళ్ళూ తలలు వంచుకుని దారాలు సర్దుకుంటున్నట్టు నటించారు. కాజాలక్క మాత్రం అతన్నే చూస్తూ కూర్చుంది.

"నా రేటు అదేనండీ. బేరం లేదు" అంది అత్తయ్య.

"శాస్త్రం వేరు, కుట్టుపని వేరులే నాయనా" అన్నాడు మామయ్య నవ్వుతూ. అతను ఆలోచించుకుని చెబుతానని లేచాడు.

అతన్ని గుమ్మందాకా సాగనంపి వచ్చి, "మంచి పార్టీ పోయింది. కాస్త తగ్గితే ఏం?" అన్నాడు అత్తయ్యతో.

"తగ్గేది నాకు కాదు, వీళ్ళకి" అని ఆమె సుద్దముక్క తీసుకుని బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. అంతే. ఆ ఇంట్లో గొంతు లేవదని చెప్పాను కదా.

మర్నాటి కార్డుల కట్టలో సరిగ్గా ఆ మాటే వచ్చింది. "కూలి పెరిగినకొద్దీ పనివాడు బద్ధకానికి అలవాటు పడతాడు, కూలి తక్కువగా ఉండడమే అందరికీ మేలు." నేను అలవాటు ప్రకారం పుస్తకం తీసి పేజీ చూశాను. చూసి, మళ్ళీ చూసి, ఒకటి వేశాను. కార్డు బోర్లా పెట్టాను.

శుక్రవారం మామయ్య ఆ కార్డు తనే ముందుగా తీశాడు.

"చూశావా, యంత్రం కూడా పట్టేసింది. నేనైతే ఐదు వేశాను. పదుంటే పదీ వేసేవాణ్ణి. నీదెంత?"

"ఒకటి."

"ఏం, అచ్చుతప్పుందా?"

"లేదు మామయ్యా. ఆ మాట పుస్తకం రాసినాయనది కాదు."

ఆయనకు కోపం రాలేదు. చిన్నపిల్ల తప్పుడు లెక్క చేస్తే వచ్చే నవ్వు వచ్చింది. "పేజీ తియ్యి. చదువు" అన్నాడు.

చదివాను. నేను ఒక మాట అనేలోపు ఆయన తర్వాతి మాట అంటున్నాడు. కళ్ళు మూసుకుని, చెయ్యి గాల్లో ఆడిస్తూ, క్లాసులో చెప్పినట్టే. నాలుగు రోజుల కూలి వారానికి సరిపోతే మిగతా రోజులు పడుకుంటాడు; ఆకలి ఉంటేనే చెయ్యి కదులుతుంది. మా ఇద్దరి గొంతులూ కలిసి పేజీ చివరికి వచ్చాయి. "కూలి తక్కువగా ఉండడమే అందరికీ మేలు" అని ఆయన ఆగి కళ్ళు తెరిచాడు. నేను పేజీ తిప్పాను.

"అని యజమానులు అంటూ ఉంటారు" అని చదివాను. "ఈ మాట నేను చాలాచోట్ల విన్నాను. పనివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చూసినచోట మాత్రం ఎక్కడా నిజమని తేలలేదు. కడుపు నిండి, రేపటి మీద ఆశ ఉన్నవాడి చెయ్యే వేగంగా కదులుతుంది..."

"ఇటియ్యి" అన్నాడు మామయ్య.

పుస్తకం తీసుకుని ఆ పేజీ చదివాడు. వెనక్కి తిప్పి ముందు పేజీ చదివాడు. మళ్ళీ ముందుకు తిప్పాడు. ఇలా నాలుగైదుసార్లు తిప్పాడు. ముందుగదిలో మిషన్లు గడగడా తిరుగుతున్నాయి. అత్తయ్య మా ఇద్దరికీ టీ తెచ్చి, ఆయన చేతిలో ఆ పుస్తకం చూసి గుమ్మంలోనే ఆగింది.

"ఇది ఎక్కడిది?" అన్నాడు.

"నాదే."

"ఎప్పటిది?"

"మీ క్లాసులో చేరినప్పుడు కొనుక్కున్నా. పాతపుస్తకాల షాపులో."

అత్తయ్య ఒక ఏడాది ఆయన క్లాసులో చదివిందని నాకప్పటిదాకా తెలియదు. పెళ్ళి ఆ తర్వాత నాలుగేళ్ళకు పెద్దవాళ్ళు కుదిర్చిందే. తొంభై మంది ఉన్న క్లాసులో ఆమె ఒకతె అని ఆయనకే పెళ్ళయ్యాక ఆమె చెబితే తెలిసిందట.

"ఇది చదివావా?"

"చదివాను."

"ఈ పేజీ?"

"లేచి నిలబడి చెప్పాను కదండీ. సార్, పేజీ తిప్పితే ‘అని’ అని ఉంది అని."

మామయ్య పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ తర్వాత అడిగాడు. "నేనేమన్నాను?"

"‘అని’ నీ దగ్గరే ఉంచుకో, కూర్చో అన్నారు. అందరూ నవ్వారు." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. సరుకుల చీటీ చదివినట్టు చెప్పింది. "మరుసటి ఏడు నేను చరిత్రకు మారిపోయాను."

"ఇన్నేళ్ళలో మళ్ళీ ఒక్కసారైనా చెప్పలేకపోయావా?"

"మొదట్లో ఎలా చెప్పాలో తెలిసేది కాదు. తర్వాత నా పని నాకు దొరికింది. నా గదిలో నేను పుస్తకంలో ఉన్నట్టే చేసుకుంటున్నాను కదా, ఇంకేం కావాలి అనుకున్నాను."

ముందుగదిలోంచి ఎవరో సూది విరిగిందని కేకేశారు. ఆమె టీలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆయన మూడు నోట్సులూ తీసి, ఆ పాఠం ఉన్నచోటు వెతికి చూశాడు. పేజీ చివరిదాకా ఉంది. దాని కింద ఒక గీత, గీత కింద కొత్త పాఠం. తాను చదువుకునే రోజుల్లో కాలేజీ మొత్తానికి ఒకటే ప్రతి ఉండేదని, మాస్టారు చూసి చెబుతుంటే రాసుకున్నామని, ఆ రోజు గంట కొట్టి ఉంటారని నాతో అన్నాడు. నాతో అన్నాడు గానీ చూపు బీరువా వైపు ఉంది.

నాకు ఆయన్ను అలా చూడబుద్ధి కాలేదు. మర్నాడు పొద్దున, "మామయ్యా, పోనీ నేను నాలుగు చేస్తాను. తేడా ఉండదు, ఎవరూ అడగరు" అన్నాను. పెద్దవారి మార్కే నిలుస్తుందన్న రూలు ఆయనకు గుర్తుచెయ్యాల్సిన పని లేదు.

"ప్రెస్సులో ఉన్నప్పుడు, పోనీలే అని ఎప్పుడైనా తప్పు వదిలేశావా?" అన్నాడు.

"లేదు."

"మరి నాకెందుకు వదులుతావు? నీ ఎర్ర పెన్ను ఇటియ్యి."

ఐదు కొట్టేసి సున్నా వేశాడు. కారణం రాసేచోట తన గుండ్రటి అక్షరాలతో ఇలా రాశాడు: "ఇది పూర్వపక్షం. గ్రంథకర్త ఖండించడానికి ముందుగా చెప్పిన ఎదుటివారి వాదన. ముప్ఫై ఏళ్ళు నేను దీన్నే సిద్ధాంతమని పాఠం చెప్పాను." ఆ చివరి వాక్యం అవసరం లేదన్నాను. "కార్డుకి అవసరం లేదు" అన్నాడు.

అన్నం తిన్నాక చొక్కా మార్చుకుని, పుస్తకం చంకలో పెట్టుకుని, ఫ్యాక్టరీకి పోదాం రమ్మన్నాడు. ఎండలో నడిచే వెళ్ళాం. మేనేజరు గది అద్దాల గది. కింద వరసగా బల్లల దగ్గర నిలబడి బిస్కట్లు పొట్లాలు కడుతున్నవాళ్ళు అందులోంచి కనిపిస్తారు. మామయ్యను చూడగానే అతను లేచి ఎదురొచ్చాడు. ఏప్రన్ల సంగతి మాట్లాడ్డానికి వచ్చారనుకుని, "అమ్మగారు ఒప్పుకున్నారా సార్?" అన్నాడు.

మామయ్య పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టి రెండు పేజీలూ చూపించాడు. "నీకు నేను తప్పు చెప్పాను. ఇదీ అసలు మాట" అన్నాడు.

అతను చదివాడు. మర్యాదగానే చదివాడు. చదివి పుస్తకం మూసి మామయ్య చేతిలో పెట్టాడు.

"అయ్యో, దీనికోసం ఇంత ఎండలో వచ్చారా సార్. పుస్తకంలో ఎలా ఉంటేనేం, మీరు చెప్పిందే నిజం. నేను రోజూ చూస్తున్నాను కదా."

"ఎక్కడ చూస్తున్నావు?"

అతను అద్దంలోంచి కిందకి చూపించాడు. మామయ్య చూశాడు. "వాళ్ళ ఇళ్ళకు ఎప్పుడైనా వెళ్ళావా?" అని అడిగాడు. అతనికి అర్థం కాలేదు. చల్లటి నీళ్ళు తెప్పించాడు. ఏప్రన్లు ఇంకో చోట కుట్టించుకుంటానని, ఏమీ అనుకోవద్దని అన్నాడు. ఆ తర్వాత అతను ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు. పళ్ళ బుట్ట కోసం కాదు గానీ, మామయ్య చాలా ఏళ్ళు వేసవిలో వీధి తలుపు చప్పుడైతే తల ఎత్తి చూసేవాడు.

సోమవారం ఆఫీసులో మేడం ఆ కార్డు చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మరి మిగతా కార్డులకు కూడా పుస్తకం చూడకుండానే వేశారా సార్?"

"అవునమ్మా."

"అయితే అవన్నీ పుస్తకం చూసి మళ్ళీ వెయ్యాల్సిందే. మూడు వందలు దాటాయి. గడువు మాత్రం నేను పెంచలేను."

పుస్తకంలో అక్షరాలు చీమల బారు. పది నిమిషాలు చూస్తే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఇంటికి వచ్చాక మామయ్య కాసేపు వెనకగదిలో తచ్చాడి, ముందుగది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. తన కోసం ఎవరైనా వస్తే తప్ప, నేనెరిగి ఆయన పని వేళల్లో ఆ గుమ్మం దాకా రావడం అదే మొదలు.

"నీకు తీరికుంటే... నాకు కాస్త పుస్తకం..."

"నాకెక్కడి తీరిక" అంది అత్తయ్య, కుట్టు ఆపకుండానే. "ఇక్కడికే వచ్చి కూర్చోండి. మీ మేనకోడలు చదువుతుంది. వినడానికి నా చెవులు ఖాళీయే."

అలా మా మార్కుల పని ముందుగదికి వచ్చింది. గుడ్డ తాన్ల మధ్య మామయ్య పడక్కుర్చీ, పక్కన నేను, నా ఒళ్ళో పుస్తకం. నేను నా మార్కు ముందే వేసి దాచుకుని, కార్డూ పేజీ చదివేదాన్ని. మామయ్య మార్కు చెప్పేవాడు. చెప్పాక అత్తయ్య మిషను మీంచి, "అంత ఎందుకు?" అనేది. లేకపోతే, "అంతేనా?" అనేది. మొదటిరోజు ఆయన బిత్తరపోయాడు. రెండోరోజు జవాబు చెప్పాడు. మూడోరోజుకు గొంతు లేచింది.

ఆ గదిలో అందరికీ అభిప్రాయాలు ఉన్నాయని నాలుగోరోజు తేలింది. "ఒకే పని పదేపదే చేస్తే చెయ్యి తిరుగుతుంది" అన్న కార్డు చదివాను. మామయ్య ఐదు అన్నాడు. కిటికీ దగ్గర్నుంచి కాజాలక్క, "చెయ్యి తిరుగుద్ది సారూ. మెడే తిరగదు" అంది. అందరం నవ్వాం. మామయ్య నవ్వలేదు. నన్ను తర్వాతి అధ్యాయాలు తిప్పమని, ఒకే పని చేసేవాడికి ఏమవుతుందో పుస్తకం ఎక్కడైనా చెప్పిందేమో వెతికించాడు. చెప్పింది. రెండు వందల పేజీల తర్వాత. ఆ కార్డుకి మూడు వేసి, సగం మాటే ఉందని రాశాడు.

ఒక మధ్యాహ్నం ‘ధర’ కార్డు దగ్గర భార్యాభర్తలిద్దరూ ఎంత పట్టుపట్టారంటే పక్కింటావిడ గోడమీంచి తొంగిచూసి, "అంతా బాగానే ఉందా?" అని నన్నడిగింది.

"ధర గురించండీ" అన్నాను.

"దేని ధర?"

"అదే తేలడం లేదు."

ఆవిడ ఆ సంగతి ఎలా మోసిందో ఏమో, వారం తిరక్కుండా మా అమ్మ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. అన్నయ్యా వదినా పోట్లాడుకుంటున్నారట, నువ్వు అక్కడే ఉండి ఏం చేస్తున్నావని. ఆర్థికశాస్త్రం అని జవాబు రాశాను.

ఆయన ఆమెకు క్షమాపణ లాంటిదేదీ చెప్పగా నేను వినలేదు. ఒక్కరోజు మాత్రం, అందరూ అన్నాలకు లేచిపోయాక, అత్తయ్య గుండీలు లెక్కపెట్టి డబ్బాలో వేస్తుంటే అడిగాడు.

"అప్పుడు ఏ వరసలో కూర్చునేదానివి?"

"మూడో వరస. కిటికీ వైపు."

ఆయన తల ఊపాడు. ఆ మొహం గుర్తుచేసుకోవాలని ప్రయత్నిస్తున్నట్టు కాసేపు ఆమె వైపు చూశాడు. అత్తయ్య లెక్క తప్పి, గుండీలు మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది.

మొదటి వాన పడ్డ వారంలోనే యూనిఫాంల చివరి మూట వెళ్ళింది. కార్డులూ అయిపోయాయి. అప్పగించడానికి మామయ్యా నేనూ ఆఫీసుకు వెళ్ళాం. నన్ను ఆ ఆఫీసులోనే పనికి తీసుకున్నారు, వేరే ఊళ్ళో ఉన్న శాఖలో. మేడం ఆ కాగితం ఇచ్చి, తర్వాత మార్కులు వేసినవాళ్ళ వివరాలు రాసే ఫారం తీసింది. మామయ్యది రాసింది. నాది రాసింది. మూసెయ్యబోతుంటే మామయ్య, "ఇంకొకరున్నారు" అన్నాడు. అత్తయ్య పేరు చెప్పాడు.

"ఈవిడ అర్హత ఏమని రాయమంటారు సార్? డిగ్రీ ఎందులో?"

"డిగ్రీ లేదు. చదువు మధ్యలో ఆగింది."

"మరి ఏం రాయను? ఈ గడి ఖాళీ ఉంటే మాకు కుదరదు."

మామయ్య ఆలోచించాడు. బయట వాన కిటికీ రేకు మీద పడుతోంది. "పుస్తకం చదివింది అని రాయండి" అన్నాడు.

మేడం పెన్ను ఎత్తి ఆయన వైపు చూసింది. వేళాకోళం కాదని తెలిశాక, ఆ గడిలో అలాగే రాసింది.

మర్నాడు పొద్దున నేను ప్రయాణమయ్యాను. సంచి సర్దుకుంటూ ఫారం సంగతి అత్తయ్యకు చెప్పాను. ఆమె సంతోషిస్తుందనుకున్నాను. సుద్ద చేతులు కొంగుకు తుడుచుకుని వెనకగదికి వెళ్ళింది.

"అలా ఎలా రాయిస్తారు? చివరి నాలుగు అధ్యాయాలు నేనెప్పుడు చదివాను?"

"మొన్న విన్నావు కదా."

"వినడం చదవడం అవుతుందా? విని రాసుకునే కదా మీరు ముప్ఫై ఏళ్ళు..."

"అది వేరు. ఇది వేరు. అది నోట్సు. ఇది పుస్తకం."

"చెవికి నోట్సేంటి, పుస్తకమేంటి?"

వెళ్ళొస్తానని గుమ్మంలో నిలబడి రెండుసార్లు చెప్పాను. ఇద్దరూ ఒకేసారి "మంచిదమ్మా, జాగ్రత్త" అని, మళ్ళీ ఒకరి వైపు ఒకరు తిరిగారు. కాజాలక్క లేచి వచ్చి నా సంచి వీధి మెట్లు దించింది. వాన వెలిసింది. వీధి మలుపు తిరిగేదాకా వాళ్ళిద్దరి గొంతులూ నాకు వినబడుతూనే ఉన్నాయి.